పాత బండికి కొత్త టైరు

నేను ఉద్యోగ విరమణ చేయడానికి ముందు ఏడాది, తమిళుల ఆషాఢమైన ఆడి నెలలో, గుడియాత్తం డీలరు నుంచి మా వేలూరు డిపోకు ఒక ఫిర్యాదు వచ్చింది. నేను అక్కడ టైరు కంపెనీ సర్వీసు ఇంజనీరుని. పగిలిన టైరో, ఉబ్బిన టైరో వస్తే పరీక్షించి, తప్పు తయారీదా వాడకందా అని తేల్చడం నా పని. మా వాడుకలో అది క్లెయిము. ఒప్పుకుంటే వేరే టైరు ఇస్తాం, లేకపోతే కారణం రాసి వెనక్కి పంపుతాం. డీలర్లు నన్ను టైర్ల డాక్టరు అనేవారు. నిజానికి నాది పోస్టుమార్టం ఉద్యోగం. బతికున్న టైరును ఎవరూ నా దగ్గరకు తెచ్చిన పాపాన పోలేదు.

డీలరు కొట్టు దగ్గర ఇద్దరు నాకోసం కాచుకొని ఉన్నారు. పెద్దాయన వెంకటప్ప, ఒకప్పటి మేస్త్రి. కొడుకు మునిరత్నం, ఇప్పటి మేస్త్రి. వాళ్ల ఇంట్లో పాత బుల్లెట్ ఉంది. దానికి సన్నటి చక్రాలు, సన్నటి టైర్లు. ముందు టైరుకు పొడుగునా గీతలు, వెనకదానికి పలకలు. ముందు ముందు ఆ రకం దొరకదేమోనని వెంకటప్ప ఎన్నడో ఒక జత కొని అటక మీద దాచిపెట్టాడు. ఇప్పుడు బిగించబోతే రెండూ అంచుల దగ్గర పగిలాయి. రోడ్డు ముఖమే చూడని టైరు పగిలితే అది కంపెనీ లోపం కాక మరేమిటని ఆయన అడిగాడు.

వినడానికి సబబుగానే ఉంది. కానీ రబ్బరుకు వయసు తయారైన రోజు నుంచే లెక్క, వాడిన రోజు నుంచి కాదు. తయారైన వారమూ సంవత్సరమూ టైరు పక్కగోడ మీద అంకెల్లో ఉంటాయి. నాలుగంకెలుంటే ఈ శతాబ్దానిది, మూడే ఉంటే అంతకు ముందుది. ఈ టైర్ల మీద మూడే ఉన్నాయి. పైగా పక్కగోడ వేలికి జిగటగా తగిలింది. ఏమైనా పూసేవారా అని అడిగాను. ఏటా ఆయుధపూజకు తాపీ, రసమట్టం, తూకం గుండుతో పాటు ఆ టైర్లనూ అటక మీంచి దించి, వేరుశనగ నూనె పట్టించి, బొట్టు పెట్టేవాడట. పనిముట్టు ఏదైనా నూనె రాసి దాచుకోవడం ఆ ఇంటి అలవాటు. ఇనుముకు మంచి చేసే నూనె రబ్బరును తినేస్తుందని చెప్పక తప్పలేదు.

 అప్పుడు వెంకటప్ప అసలు సంగతి బయటపెట్టాడు. మోర్ధానా ఆనకట్ట కట్టేటప్పుడు ఆయన అక్కడ పని చేశాడు. రోజూ ఈ బండి మీదే పోయివచ్చేవాడు. ఈసారి ఆయుధపూజనాడు కొడుకు నడుపుతుంటే వెనక కూర్చొని అక్కడికి పోయి రావాలని ఆయన కోరిక.

"నాకు సగమే కనపడతా ఉండాది నాయనా. అదీ పోకముందే ఆ కట్టను ఒకతూరి చూసుకోవాల" అన్నాడు.

క్లెయిము తోసిపుచ్చాను. మునిరత్నం దిగులు పడలేదు. ఇప్పటి రకం టైర్లు వేద్దామని అతని ఆలోచన. వాటి రబ్బరు మెత్తన, తడి రోడ్డును బాగా పట్టుకుంటాయి. చూపు తగ్గిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకొని పోయేవాడు పట్టు కోరుకోవడంలో తప్పేముంది? తండ్రికేమో గీతల టైరు లేనిది తన బండే కాదు. ఇద్దరికీ నచ్చే దారి ఒకటి ఉంది. పాత అచ్చులోనే ఇప్పటి రబ్బరుతో పోసిన టైర్లు మా దగ్గరే తయారవుతాయి. చెన్నై నుంచి తెప్పిస్తాను, ఆలస్యమైనా ఆగమన్నాను. వెడల్పు టైరు ఆ సన్నటి రిమ్ములో నొక్కుకుపోతుందని, మడ్‌గార్డుకు రాసుకుంటుందని మునిరత్నానికి విడిగా కూడా చెప్పాను. తల ఊపాడు.

పాత అచ్చుకు గిరాకీ తక్కువ, అందుకని ఫ్యాక్టరీ ఎప్పుడో ఒకసారి గాని పోయదు. నేను ఫోన్ల మీద ఫోన్లు చేయగా, ఆయుధపూజ రేపో మాపో అనగా వచ్చాయి. డిపో వ్యానులో వేసుకొని నేనే వాళ్లింటికి పోయాను.

బుల్లెట్ వాకిట్లో నిలబడి ఉంది, వెడల్పాటి టైర్లతో. పండగ లోపల నా టైర్లు రావని మునిరత్నం భయపడ్డాడు. వెనక టైరు రాసుకుంటుంటే వర్క్‌షాపులో మడ్‌గార్డును రెండు పక్కలా కోయించేశాడు. దాని అంచున బంగారు రంగు గీత ఉండేది. వెంకటప్ప వయసులో ఉండగా సన్న కుంచెతో తానే గీసుకున్న గీత. మేస్త్రి చెయ్యి కదా, ఎక్కడా వంకర లేదు. ఇప్పుడది కోత దగ్గర ఆగిపోయింది.

"అప్పను జారకుండా తీసకపోవల్లనే చేసినాను సార్" అన్నాడు మునిరత్నం, నా చేతిలోని టైర్లను చూసి. నాకు కోపం వచ్చింది, కానీ ఆ ముఖం చూశాక అది చల్లారింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ జతను పట్టుకొని నిలబడ్డాను.

వెంకటప్ప గీత వెంట వేలు జరుపుకుంటూ పోయి కోత దగ్గర ఆపాడు.

"నూనె పూసి టైర్లను నేను చంపుకొంటి. బండిని వాడు కోసినాడు. ఇద్దరమూ బాగుండల్లనే చేస్తిమి" అన్నాడు. కోసిన బండికి ఇంకెందుకని నేను తెచ్చిన జతను వద్దన్నాడు.

ఆయుధపూజనాడు తండ్రీకొడుకులు మోర్ధానాకు బస్సులో పోయారని డీలరు చెప్పాడు. కట్ట ఆయనకు కనిపించిందో లేదో అడగడానికి నాకు మనసు రాలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఇంత బాధపెట్టిన క్లెయిము మరొకటి లేదు.

టైరు అరిగిపోయే వస్తువు. పాతదైనా కొత్తదైనా, నచ్చకపోతే విప్పి వేరేది వేసుకోవచ్చు. కోసిన ఇనుము మళ్లీ మొలవదు. పాత బండికి ఏ టైరు మంచిదని అడిగినవాళ్లకు ఆ తర్వాత నేను చెప్పిన జవాబు ఒకటే. బండికి సరిపడే టైరు దొరికేదాకా ఆగండి, టైరు కోసం బండిని మాత్రం కోయకండి.