కలవని అంచులు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను కర్నూలులో ఎమ్మెస్సీ జువాలజీ చదివేదాన్ని. కల్లూరులో అద్దెగది, షేర్ ఆటోలో కాలేజీ. ప్రాక్టికల్స్‌లో పొదగేసిన కోడిగుడ్లు పగలగొట్టి, పచ్చసొన మీది పిండాన్ని మైక్రోస్కోపు కింద చూసేవాళ్లం. వీపు పొడుగునా రెండు అంచులు లేచి, ఒకదానివైపు ఒకటి వంగి, కలిసి గొట్టమవుతాయి. మెదడూ వెన్నుపామూ దాన్నుంచే. "ప్రతి కణంలో ఉండేవి అవే జన్యువులు. ఏది ఎక్కడ, ఎప్పుడు తెరుచుకుంటుందన్నదే అసలు సంగతి" అనేది మా మేడం. "మొట్టమొదట పిండం నడిచేది తల్లి అండంలో దాచిపెట్టిన సందేశాలతోనే. సొంత జన్యువులు తర్వాత మేలుకుంటాయి."

ఆ ఎండాకాలం మా అక్కకు ఐదో నెల. కమలాపురంలో ఇచ్చినాం, బావకు కిరాణా అంగడి. కడపలో స్కానింగ్ చేయించుకుని ఫోన్ చేసింది గానీ ఏడుపు తప్ప మాట రాలేదు. బావ ఫోన్ తీసుకున్నాడు.

"బిడ్డకు తలపైన ఎముకే రాలేదంట. పుట్టినా బతకదంట. నువ్వొకసారి రామ్మా."

నేను పోయేసరికి అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వాళ్లత్త వంటింట్లోంచి, "గ్రహణం నాడు గడప దాటద్దంటే వింటేగా" అంటోంది.

అక్క నా చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకుంది. "ఆడతాండాది చూడే. గుండె కూడా బాగా కొట్టుకుంటాండాదని డాక్టరమ్మే చెప్పె. ఇంక బతకదంటే ఎట్ల నమ్మేది?"

"గుండె కట్టే జన్యువులు వాటి పని అవి చేసినాయక్కా. తల దగ్గరే అంచులు కలవలేదు. కడుపుతో ఉండావని నీకు సరిగ్గా తెలిసేలోపే అయిపోయిందది."

"తినరానిది ఏమన్నా తింటినా?"

"లేదక్కా. ఎందుకు కలవవో శానాసార్లు డాక్టర్లకే తెలీదు."

పిండం మొదట తల్లి ఇచ్చినదానితోనే నడుస్తుందన్న మాట మాత్రం నోటిదాకా వచ్చినా మింగేసినాను. ఆ ఒక్కటి పట్టుకుని బతుకంతా కుమిలిపోతుందని భయం.

ఆ వారంలోనే కడప ఆసుపత్రిలో నొప్పులు రప్పించి కాన్పు చేసినారు. ప్రాణం లేని ఆడబిడ్డ. వేళ్లన్నీ ముద్దుగా ఉన్నాయి. చూపించాలా వద్దా అని నర్సు తటపటాయిస్తుంటే, అక్క వాళ్లత్త బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. తన పాత నూలుచీర చింపి, ముందు తల చుట్టూ కప్పి, మొగం మాత్రం కనపడేలా పెట్టి అక్క పక్కన పడుకోబెట్టింది.

"బిడ్డకు నీ మూతే వచ్చిండాది చూడమ్మా" అని తనే బావురుమంది. గ్రహణం మాట ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

సాయంత్రం బావ బిడ్డను పాపాఘ్ని ఏటి ఒడ్డున పూడ్చివచ్చి, స్నానం చేసి, అంగడి తెరవకుండా అరుగు మీద కూర్చున్నాడు.

కర్నూలు తిరిగి వచ్చినాక కొన్నాళ్లు గుడ్డు చేతికి తీసుకోలేకపోయినాను. మేడం ఏమీ అడగకుండా తయారుగా ఉన్న స్లైడ్లు నా ముందు పెట్టేది.

అక్క చాలాకాలం ఇంకో బిడ్డ మాటే ఎత్తనివ్వలేదు. చివరికి డాక్టరమ్మ చెప్పినట్టు, నెల తప్పకముందు నుంచే, ఆ అంచులు సరిగ్గా కలిసేందుకు ఫోలిక్ మాత్రలు వేసుకుంది. కొడుకు పుట్టినాడు, ఆరోగ్యంగా. అందరూ మొగబిడ్డని సంబరపడుతుంటే, అక్క కళ్లు మూసుకుని వాడి తలంతా వేళ్లతో తడిమి చూసుకుంటూ ఏడ్చింది.