రటర్ గారి అలెజ్డ్

కత్‌బర్ట్ రటర్ గారికి ఒకటే జబ్బు. కళ్లారా చూడని దేనికైనా ముందు "అలెజ్డ్" తగిలించందే ఆయనకు ముద్ద దిగదు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఒక చిన్న ఊరి వారపత్రికలో దిద్దుబాట్లు ఆయన పని. "అని అంటున్నారు, మనకైతే తెలీదు" అన్నంత పొడుగు మాట ఆ ఒక్క ఇంగ్లిష్ విశేషణంలో ఇమిడిపోయిందని ఆయనకు మహా మురిపెం.

"సూప్ ఎలా ఉంది?" అని భార్య ఈడిత్ అడిగితే, "అలెజ్డ్ చికెన్ సూప్ బాగుంది" అనేవారు.

"అందులో కోడి ఉందండీ."

"ఉండొచ్చు. నాకైతే ఎదురుపడలేదు."

ఒకసారి పెళ్లివార్తలో "అలెజ్డ్ అందాల వధువు" అని దిద్దారు. పెళ్లికూతురి తల్లి గొడుగు పట్టుకుని వచ్చింది. వాన లేదు.

ఎదురుబల్ల మీద వార్తలు రాసే మోరీన్ పన్నెండేళ్లుగా ఇదంతా భరిస్తోంది.

ఆ ఏడు కూరగాయల పోటీకి మూడురోజుల ముందు ఏటా మొదటి బహుమతి కొట్టే విల్ఫ్ హెబ్డెన్ పెంచిన గుమ్మడికాయను ఎవరో గొడ్డలితో పగలగొట్టారు. ఏటా రెండో బహుమతితో సరిపెట్టుకునే నార్మన్ పీల్ పనేనని ఊరు తేల్చేసింది. నార్మన్ అసలే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం. పలకరిస్తేనే ఎర్రబడతాడు.

మోరీన్ వార్త రాసి ఇచ్చింది. "మీ అలెజ్డ్ నేనే పెట్టానులెండి. అలెజ్డ్ పగలగొట్టుడు."

"కాయ ముక్కలైంది నిజమేగా. అనుమానం పగలగొట్టిన మనిషి మీద."

"అయితే అలెజ్డ్ దోషి నార్మన్ పీల్. సరేనా?" అంటూ మోరీన్ కాగితం మీద అలాగే మార్చి రాసింది.

రటర్ గారు పెన్సిల్ తీసి ఆ పేరే కొట్టేశారు. "సూప్‌కైతే ఆ మాట చాలు. మనిషికి చాలదు. జనం విశేషణం వదిలేసి పేరు చదువుతారు, మోరీన్."

మర్నాడు విల్ఫ్ భార్య డోరిస్ ఆఫీసుకొచ్చింది. "నేనే పగలగొట్టాను. నాలుగు నెలలుగా ఆయన పడక దాని పక్కనే. ఇంట్లో మంచి దుప్పటి కూడా దానికే కప్పాడు. పాపం నార్మన్ వీధిలోకి రావడం మానేశాడు. రాసుకోండి."

రటర్ గారు ఆమెకు టీ ఇచ్చి పంపారు. ఆ వారం పత్రికలో మొదటి పేజీలో ఒకే వాక్యం పడింది: "గుమ్మడికాయను పగలగొట్టింది నార్మన్ పీల్ కాదు." ముందూ వెనకా ఏ అనుమానమూ లేదు.

విల్ఫ్ పత్రిక ఊపుకుంటూ వచ్చాడు. "అంత గట్టిగా ఎలా చెబుతారు? మరి ఎవరు?"

"ఇంటికెళ్లి నాలుగు రాత్రులు నీ మంచం మీద పడుకో, విల్ఫ్," అన్నారు రటర్ గారు. "నీకే తెలుస్తుంది."