మావయ్య మాటకు నేను వేసిన తాళం

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్న మాటే. బరువు మాత్రం తగ్గడం లేదు. ఎవరికైనా చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఇంకేదో మాట్లాడి లేచి వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా మావయ్యది గజపతినగరం దగ్గర పల్లె. వరి, నువ్వులు పండించేవాడు. గొంతులో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేస్తే మాట పోతుందన్నారు. వెళ్లేముందు ఫోన్‌లో తన గొంతు రికార్డు చేసుకున్నాడు. పాటలూ పద్యాలూ కాదు. అత్తను పేరు పెట్టి పిలవడం, కాఫీ అడగడం, గేదెను అదిలించడం, మనవరాలిని ముద్దు చేయడం. ఆపరేషన్ అయి ఆయన మాట పోయాక అవన్నీ వాళ్లింట్లో ఉన్న పాత కంప్యూటర్‌లోకి ఎక్కించి, తెర మీద ఒకే ఒక్క బొమ్మ పెట్టాను. దాని మీద నొక్కితే మావయ్య మాట్లాడతాడు. చదువు రాని అత్త కూడా నొక్కేది. పని మధ్యలో వచ్చి, ఆయన పిలుపు విని, మళ్లీ పనిలోకి వెళ్లిపోయేది. ఆయన పక్కనే కూర్చుని నవ్వేవాడు.

అంతటితో వదిలేయాల్సింది. రాజాంలో కంప్యూటర్లు బాగుచేసే పని నాది. ఆ పాత యంత్రాన్ని చూస్తే నాకు నామోషీగా ఉండేది. ఒక ఆదివారం కూర్చుని అంతా మార్చేశాను. కొత్త సిస్టమ్ ఎక్కించాను. లోపలున్నదంతా పెద్ద పాస్‌వర్డ్‌తో బిగించాను. అది రోజూ అడగదు. లోపల ఏదో మారిందని అనుమానం వస్తేనే అడుగుతుంది. అది తెలియకపోతే ఎంత పనిమంతుడైనా తెరవలేడు. ఎవరి కోసం ఆ తాళం? ఆ ఇంట్లోకి వచ్చి మావయ్య గొంతు దొంగిలించేదెవరు? వాళ్లకు అక్కర్లేని నా తెలివిని వాళ్లింట్లో చూపించుకున్నాను, అంతే. పాస్‌వర్డ్ ఎక్కడా రాసుకోలేదు. గుర్తుంటుందన్న పొగరు. ఫోన్‌లో చోటు లేదని అక్కడివి చెరిపేసిందీ నేనే.

కొన్ని నెలలకు కబురొచ్చింది. వెళ్లి చూస్తే తెర పాస్‌వర్డ్ అడుగుతోంది. సిస్టమ్ తనంతట తాను కొత్త మార్పులు దింపుకునేలా నేను పెట్టిన ఏర్పాటు వల్లే అలా అయిందని చూడగానే అర్థమైంది. గుర్తున్నవన్నీ కొట్టాను. ఒక్కటీ పనిచేయలేదు.

వెనక నుంచి అత్త అడిగింది. “ఏటిరా, ఏటయినాది? పొద్దున మీ మావ దీని ముందల కూకున్నాడు. ఆయనేటైనా నొక్కీసినాడేటి?”

“అయ్యుంటాదత్తా,” అన్నాను.

“సెయ్యి ఊరుకోదు గదా నీకు!” అత్త మావయ్య మీద విరుచుకుపడింది. “ఇంక నన్నెలాగ పిలుస్తావు? నీ మాట నువ్వే సెరిపీసినావు!”

మావయ్య నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. కాదు కాదని తల అడ్డంగా ఊపాడు. నా వైపు చూశాడు. నేనేమైనా చెబుతానని చూశాడా? నేను తెర వైపు తిరిగిపోయాను. మళ్లీ చూసేసరికి తల ఊపడం మానేసి తన వేలినే చూసుకుంటున్నాడు. తనే నొక్కి ఉంటాడని నమ్మేశాడు.

ఆ తర్వాత ఆయన టీవీ రిమోట్ కూడా ముట్టుకోలేదు. ఛానల్ మార్చాలంటే మనవరాలికి సైగ చేసేవాడు. అది చూసి కూడా ఊరుకున్నాను. చెప్పడానికి ఇంకా రోజులున్నాయనుకున్నాను. మావయ్య పోయాడు.

అత్తకు ఇప్పటికీ చెప్పలేదు. నిజం తెలిస్తే, ఆయన్ని తిట్టిన తిట్లు తలుచుకుని కుమిలిపోతుందని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. ఆవిడ కోసమేనా? నా పరువు కోసం కాదూ? మొన్న కూడా పక్కింటావిడతో అంటోంది, ఆయన మాట ఆయనే చెరిపేసుకున్నాడని. నేను అక్కడే కూర్చుని టీ తాగాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి లేడు. ఆ పొద్దున మావయ్య ఏమీ నొక్కలేదు. ఆయన మాటను పోగొట్టింది నేను. ఇంత రాసేసరికి గుండె కాస్త తేలికైంది. తేలికైనందుకు కూడా సిగ్గుగానే ఉంది.