సముద్రంలో నా చెయ్యి పట్టుకున్నదెవరు?

మా కాలేజీ హాస్టల్లో మూడో అంతస్తు బాత్రూంలో ఎవరో ఏడుస్తున్నారని ఆడపిల్లలు గగ్గోలు పెడితే, నేను వెళ్లి అదే బాత్రూంలో గడియ పెట్టుకుని తలస్నానం చేసి వచ్చాను. పైపులో గాలి చేరితే అలాంటి శబ్దం వస్తుందని మర్నాడు బోర్డు మీద బొమ్మ గీసి చూపించాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం నా ఉద్యోగం. దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని చూస్తే నాకు జాలి కూడా కలిగేది కాదు. విసుగు పుట్టేది.

ఇప్పుడు నేను నోరు తెరిస్తే మా వాళ్ల ముఖాల్లో అదే విసుగు కనిపిస్తోంది. అందుకే ఇదంతా ఒక్కసారి కాగితం మీద పెట్టేస్తే నా మనసైనా కుదుటపడుతుందేమోనని రాస్తున్నాను.

మాది తెనాలి వైపు. మా ఆయన శ్రీనివాస్‌ది నల్గొండ దగ్గర ఒక ఊరు. ఇల్లు వనస్థలిపురంలో. ఆయనకి దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్లద్దాల షాపు ఉంది. తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. బంద్ అంటే చాలు, ఎవరూ వచ్చి అడగకముందే మా ఆయన షాపు మూసేసేవారు. ఆ ఉత్సాహంలోనే ఒకసారి షట్టర్ లాగుతుంటే కుడిచేతి చిటికెన వేలు దాని కింద పడి నలిగిపోయింది. ఎముక అతికింది గానీ వేలు మాత్రం లోపలికి వంకరగా ఉండిపోయింది. "ఉద్యమంల నా వాటా ఇది" అని అందరికీ చూపించేవారు. ఆ వేలి సంగతి ఇక్కడ ముఖ్యం కాబట్టి చెబుతున్నాను.

ఆ ఏడాది ఫ్రేముల కంపెనీ ఒకటి బాగా అమ్మిన షాపులవాళ్లకి భార్యతో సహా ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చింది. సింగపూర్‌లో ఎక్కి, మలేషియాలో రెండు చోట్ల, ఫుకెట్‌లో ఒక చోట ఆగి, మళ్లీ సింగపూర్. ఓడ పొద్దున రేవుకి చేరుతుంది, సాయంత్రానికల్లా బయల్దేరుతుంది. ఆ మధ్యలో ఎవరి ఇష్టం వాళ్లది.

నా ఇష్టం ఒక్కటే. సముద్రంలోకి దిగాలి. ఒడ్డున కాళ్లు తడుపుకోవడం కాదు, సిలిండర్ వీపున కట్టుకుని అడుగుదాకా వెళ్లాలి. అందుకోసమే ఎల్బీ నగర్ దగ్గర ఆడవాళ్లకు ఈత నేర్పేచోట చేరాను. నలభైకి దగ్గరపడుతున్న లెక్చరర్ నైలాన్ టోపీ పెట్టుకుని చిన్నపిల్లల మధ్య తన్నుకులాడుతుంటే నా స్టూడెంట్ల తల్లులే నవ్వారు. ఫరవాలేదనుకున్నాను.

మొదటి చిరాకు కాలేజీలోనే. బంద్‌ల వల్ల పోయిన క్లాసులన్నీ సెలవుల్లో చెప్పాలన్నారు. ప్రిన్సిపాల్ కాళ్లావేళ్లా పడితే సెలవు దొరికింది. తీరా బయల్దేరిన రోజున ఎల్బీ నగర్ దగ్గర రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకడ్డంగా పొయ్యిలు, వాటి మీద గుండిగలు, పక్కన డప్పులు. మా కారు అక్కడే ఆగిపోయింది.

"శీనన్నా! ఏడికి పోతున్నవ్ సామాన్లతోని?" అని ఎవరో కేకేశారు. ఆయన షాపు పక్కనే బట్టల కొట్టు నడిపే మనిషి.

"ఓడ ఎక్కనీకి పోతున్న" అంటూ మా ఆయన తలుపు తీసుకుని దిగిపోయారు.

"గట్లనా? ఐతే జర తినిపో అన్నా."

విస్తరి ముందు కూర్చున్నారు. నేను కారులోంచి తల బయటపెట్టి, "ఏవండీ, ఫ్లైట్ వెళ్లిపోతుందండీ! మీకసలు అర్థమవుతోందా?" అన్నాను.

"ఉద్యమం కంటె ఎక్కువనా నీ ఫ్లైటు? సబర్ పట్టు."

ఆయన తిన్నాక వాళ్లే పొయ్యి రాళ్లు పక్కకు జరిపి కారుకి దారిచ్చారు. విమానం అందింది గానీ నా కోపం మాత్రం సింగపూర్ దాకా దిగలేదు.

మలేషియాలో ఓడ ఆగిన మొదటిచోట మా గుంపంతా ఒక మాల్‌లో దూరింది. మిగిలిన సమయం పెరుగన్నం దొరికే హోటల్ వెతకడంతో సరిపోయింది. రెండోది లంకావి. అక్కడ డైవింగ్ పడవ దాకా వెళ్లాం. వాన అందుకుంది. నీళ్లు మురికిగా ఉన్నాయి, ఈరోజు కుదరదు పొమ్మన్నారు. ఓడకి తిరిగొచ్చి మంచం మీద పడుకుని గోడవైపు తిరిగాను. మా ఆయన వెనకనుంచి, "నీళ్లల్ల మునగనీకి గింత ఏడ్పు ఏంది? మన ఇంట్ల సంపు ఉన్నది గద" అన్నారు. నేను దుప్పటి తలమీదికి లాక్కున్నాను.

ఆఖరుకి ఫుకెట్. ఎండ బాగా కాస్తోంది. చిన్న పడవలో మేమిద్దరం, అక్కడి డైవింగ్ గురువు, పడవ నడిపే మనిషి. అంతే, ఐదోవాళ్లు లేరు. గురువు వచ్చీరాని ఇంగ్లీషులో అంతా చెప్పాడు. ఊపిరి బిగపట్టకూడదు. చెవులు నొప్పెడితే ముక్కు పట్టుకుని ఊదాలి. తాను నా వెనకాల ఉండి సిలిండర్ పట్టుకునే ఉంటాడు.

మా ఆయనకి ఈత రాదు, నీళ్లంటే భయం. అయినా నా పోరు పడలేక తానూ దిగుతానన్నారు. తీరా దిగే చోటికి చేరేసరికి వాంతులు మొదలయ్యాయి. ఆయన కోసం తీసిపెట్టిన నల్ల సూటు, సిలిండర్ బల్ల మీద అలాగే ఉన్నాయి. "నా తోని కాదు. నువ్వు పో" అని చేత్తో సైగ చేసి, తెరచాప గుడ్డ నీడన కూలబడ్డారు. పదేళ్ల కాపురంలో నేను అడిగిన ఒక్క పనీ ఈయన చివరిదాకా చేయలేదు కదా అనుకుంటూ నేను నీళ్లలోకి దిగాను.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చెబుతాను.

కొంచెం కిందికి వెళ్లేసరికి నాకు గుండె దడ మొదలైంది. పైకి పోదామని గురువుకి సైగ చేయబోయాను. అప్పుడు నా ఎడమ చెయ్యి ఎవరో పట్టుకున్నారు. గురువు పట్టు వెనక సిలిండర్ మీదే ఉంది. అది నా భుజాలకు తెలుస్తూనే ఉంది. మాస్క్ పెట్టుకుంటే పక్కకి ఏమీ కనబడదు, తల మొత్తం తిప్పాలి. తిప్పాను. నల్ల సూటు, మాస్క్, నోట్లో గొట్టం. ఆ వేషంలో ఎవరైనా ఒకేలా ఉంటారు. కానీ చెయ్యి అలా కాదు కదా. నా అరచేతిలో ఆ చిటికెన వేలు వంకరగా లోపలికి గుచ్చుకుంటోంది.

ఎలాగో ధైర్యం చేసి దిగారన్నమాట అనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఓడ ఎక్కాక అదే మొదటిసారి సంతోషం వేసింది. దడ తగ్గింది. తర్వాత అంతా అద్భుతం. పసుపు చారల చేపలు గుంపుగా మా చుట్టూ తిరిగాయి. నేను ఆగితే ఆ చెయ్యి ఆగింది. నేను కదిలితే కదిలింది. ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. నేలమీద మా ఆయనతో నడిస్తే ఎప్పుడూ ఆయన నాకంటే ముందుంటారు.

పైకి వస్తున్నప్పుడు, వెలుతురు బాగా కనబడే చోట, ఆ చెయ్యి వదిలింది. ఆ వ్యక్తి వదిలిన గాలి బుడగలు చూశానా లేదా అని ఎన్నోసార్లు గుర్తు చేసుకోబోయాను. తెలియడం లేదు. అదొక్కటి గుర్తున్నా సగం సంగతి తేలిపోయేది.

నీళ్లపైకి రాగానే గురువు గొట్టం తీసేసి చుట్టూ చూసి అరిచాడు. "మీ ఆయనేరి? మీ పక్కనే ఉన్నాడుగా? పైకి వచ్చాడా?"

పడవలోంచి మా ఆయన చెయ్యి ఊపారు. పొడి చొక్కా. నల్ల కళ్లద్దాలు. ఒళ్లో వాంతుల కవరు.

గురువు ముఖం పాలిపోయింది. గొట్టం నోట్లో పెట్టుకుని మళ్లీ మునిగాడు. చాలాసేపు వెతికి వచ్చాడు. పడవ మనిషితో తన భాషలో గట్టిగా వాదించాడు. పడవ మనిషి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఇద్దరే దిగారు, ఇద్దరే తేలారు. బల్ల మీద ఆ రెండో సూటు, సిలిండర్ మేం వదిలినచోటే ఎండలో వేడెక్కి ఉన్నాయి.

నేను పడవెక్కి మా ఆయన కుడిచెయ్యి లాగి చూశాను. వేళ్ల కొసలు తెల్లగా, ముడతలుపడి ఉన్నాయి. బట్టలు నానబెట్టి చాలాసేపు ఉతికితే అవుతాయే, అలా. ఎడమచెయ్యి మామూలుగానే ఉంది.

"ఇదేంటండీ?"

ఆయన కూడా చూసుకున్నారు. "ఏమో. నీళ్లల్ల పెట్టిన్నేమో."

పడవ అంచు మీంచి వంగినా ఆయన చెయ్యి నీళ్లకు అందదు. నేను వంగి చూపించాను. అందలేదు. అప్పుడు ఆయనకి కోపం వచ్చింది. "నాకు కడుపుల తిప్పుతున్నది, నీకు గీ పరీక్షలేంది?" అన్నారు.

అసలు చిరాకు ఇక మొదలైంది. ఒడ్డుకి చేరేసరికి గురువు మాట మార్చేశాడు. నీళ్లలో ఎవరినీ చూడలేదట. మా ఆయన ఎక్కడని అడిగింది మర్యాద కోసమట. "అబద్ధం చెప్పకండి, మీరు మళ్లీ దిగి వెతికారు కదా?" అని నిలదీశాను. తన బెల్టు పడిపోయిందని, దాని కోసం దిగానని అన్నాడు. బెల్టు అతని నడుముకే ఉంది. నేను దాన్ని వేలుపెట్టి చూపించాను. అతను రెండు చేతులూ జోడించి, "దయచేసి వెళ్లండి మేడం" అన్నాడు. ఒక మనిషి నీళ్లలో కనిపించి మాయమయ్యాడంటే అతని లైసెన్సు పోతుందేమో. ఉన్న ఒక్క సాక్షీ అలా పోయాడు. ఓడకి వేళవుతోంది. మా ఆయన ఎప్పటిలాగే ముందు నడుస్తున్నారు.

ఇంటికొచ్చాక చెప్పిన ప్రతివాళ్లూ నన్ను ఒకటే అడిగారు. "ఇంతకీ ఎవరు చనిపోయారు?" ఎవరూ చనిపోలేదు. దెయ్యం కథకి ఒక శవం కావాలి కదా, నా దగ్గర లేదు. మా అమ్మ భయపడి ఆయన పేరున మృత్యుంజయ హోమం చేయించింది. ఏదో కీడు జరగబోతోందంది. ఏదీ జరగలేదు. రాష్ట్రం వచ్చింది. ఆయన షాపు మీద బోర్డు మార్చారు, కొంచెం లావయ్యారు, బీపీ కూడా లేదు. మా ఆడపడుచు మాత్రం "మా అన్న దిగకపోతె మనసుల వెట్టుకున్నవ్, అందుకే గట్ల అనిపిచ్చింది వదినా" అంది. అది విని నేను నిజంగానే చాలారోజులు ఆలోచించాను. కావచ్చు. భయంలో మెదడు ఏమైనా కల్పిస్తుంది. మరి గురువు ఎవరిని చూసి అరిచాడు? ఆ ముడతలు ఎక్కడివి?

ఆయనతో ఈ విషయం ఎత్తితే గొడవే. "నేను రాలే. నాకు ఈతనే రాదు. ఎన్నిసార్లు చెప్పాలె?" అని లేచి వెళ్లిపోయేవారు. క్రమంగా నేనూ ఎత్తడం మానేశాను.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం కాలేజీ అయ్యాక షాపుకి వెళ్లాను. ఆయన ఎవరిదో ఫ్రేముకి సన్న స్క్రూ బిగిస్తున్నారు. నేను స్టూలు మీద కూర్చుని కాళ్లు చాపుకున్నాను. తల ఎత్తకుండానే ఆయన అన్నారు:

"ఆ చెప్పు ముట్టుకోనియ్యకుంట నిన్ను గుంజింది మంచిగైంది. దాని పక్కన రాయి లెక్క ఉన్నది రాయి కాదు గద."

ఈ సంగతి నేను పైన రాయలేదు, చూసుకోండి. ఆ రోజు సముద్రం అడుగున ఇసుకలో ఒక పాత హవాయి చెప్పు పడి ఉంది. సముద్రంలో కూడా చెత్తేనా అని దాన్ని తీయడానికి నా కుడిచెయ్యి చాపాను. ఎడమచేతిని ఆ చెయ్యి ఒక్క గుంజు గుంజింది. నేను వెనక్కి వచ్చేశాను. చెప్పు పక్కన నాచు పట్టిన రాయి ఉందేమో. నేను గమనించలేదు.

"రాయి సంగతి మీకెవరు చెప్పారు?" అన్నాను.

"నువ్వే చెప్పినవ్."

"నాకే తెలియదు. నేనెలా చెప్తాను?"

ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. ఒక్క క్షణం నావైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఏదో అనబోయినట్టే అనిపించింది. అంతలో తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. కొత్త ఫ్రేములు చూపించమంది. ఆయన లేచి, "రండమ్మా" అంటూ వెళ్లిపోయారు.

ఆ రాత్రి ఫోన్‌లో వెతికాను. ఆ సముద్రాల్లో అచ్చం రాయిలా ఇసుకలో పడుండే చేప ఒకటుంది. దాని ముల్లు గుచ్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

చెప్పు గురించి నేను ఆయనకి చెప్పానా? ఇన్నేళ్లలో ఈ కథ ఎంతమందికి, ఎన్ని రకాలుగా చెప్పానో నాకే లెక్క తెలియదు. చెప్పలేదని ఒట్టు వేయలేను. ల్యాబ్‌లో పిల్లలు రీడింగులు కలిపేసుకుంటే నేను కేకలేస్తాను. ఇక్కడ ఆ పని నేనే చేశాను. కానీ రాయి గురించి మాత్రం చెప్పి ఉండను. నేను చూడనిదాన్ని ఎలా చెబుతాను?

అప్పటినుంచి చాలాసార్లు అడిగాను. మంచిగా అడిగాను, ఏడ్చి అడిగాను, భోజనం మానేసి అడిగాను. ఆయన నా ముఖంలోకి చూసి, చాలా మామూలుగా అంటారు:

"ఏ రాయి?"