అందరి తెరల మీదా మా ఆయన

మా ఆయన బస్సు నడిపేవారు. బండి ఆగిన చోటల్లా ఫోన్ తీసి, "ఏమేవ్, ఇక్కడ వాన కుమ్మేస్తోంది చూడు" అంటూ నాకు వీడియో పంపేవారు. ఎదురుగా ఉంటే మాత్రం పేపర్లోంచి తల ఎత్తేవారు కాదు.

ఆయన పోయాక మరిది, "నీ ఫోన్ పాడైతే ఇవన్నీ పోతాయి వదినా" అని ఆ వీడియోలన్నీ ఒక చిన్న పెట్టెలో వేసి వైఫైకి తగిలించాడు. ఇప్పుడు హాల్లో టీవీ, తోడికోడలి ఫోను, అత్తయ్య ట్యాబు, ఎందులో నొక్కినా ఆయనే. తోడికోడలు కూరగాయలు తరుగుతూ ఆయన జోకులకి పడీ పడీ నవ్వుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఆ "ఏమేవ్" నాది కదా.

ఓ మధ్యాహ్నం వీడియో తెరిస్తే సగంలోంచి మొదలైంది. అప్పటిదాకా ఎవరో చూసి ఆపారన్నమాట. తోడికోడలు ఇంట్లో లేదు, ఇక అత్తయ్యే. విసురుగా ఆవిడ గదిలోకి వెళ్లాను. ఒళ్లో ట్యాబు పెట్టుకుని కూర్చున్నారు.

"అవి నాకు పంపినవి అత్తయ్యా."

"తెలుసులేవే. ఇన్నేళ్లు బండి నడిపాడు, అమ్మా ఇక్కడ వాన అని నాకు ఒక్కటి పంపాడా వెధవ? అన్నీ నీకే."

తోడికోడల్ని నేను ఎలా చూస్తానో, ఆవిడ నన్ను అలా చూశారు.

సాయంత్రం మరిది అడిగాడు. "నీ ఫోన్లో తప్ప మిగతావాటిల్లో రాకుండా చేసెయ్యనా వదినా?"

"వద్దులే, ఉండనీ" అన్నాను.

ఒక్క వీడియో మాత్రం నేను మరిదికి అసలు ఇవ్వనేలేదు. అందులో ఆయన నన్ను పేరు పెట్టి పిలిచారు. దాన్ని ఎవరికీ చూపించను.