తడిబట్ట మొక్కు

మా చిన్నమ్మ యాదవ్వ ఎవరినైనా క్షమించేది, ఒక్క సారమ్మను తప్ప. ఆమె మంచితనం గురించి వాడంతా చెప్పుకుంటారు. నేను మాత్రం ఆ కోపం గురించే రాస్తాను. నన్నడిగితే అది న్యాయమైన కోపం.

మెట్‌పల్లిలో మాది మగ్గాల వాడ. మా గోడకు ఆనుకునే సారమ్మ వాళ్లిల్లు. ఆమె భర్త మిషన్ బడిలో పంతులు. పిల్లలు లేని చిన్నమ్మకు సారమ్మ కూతురే లోకం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు ఆ పిల్లకు టైఫాయిడ్ వచ్చింది. కన్నతల్లి మోకాళ్ల మీద ప్రార్థిస్తుంటే, చిన్నమ్మ తనకు తెలిసిన తీరులో మొక్కుకుంది. పిల్ల బతికితే కరీంనగర్‌లో వాళ్ల పెద్ద చర్చికి పోయి, నెత్తిన నీళ్లు పోసుకుని తడిబట్టతో దండం పెట్టుకుంటానని. ధర్మపురిలో గోదావరిలో మునిగి స్వామి ముందు అట్లాగే నిలబడేది మరి. ఆమెకు ఏ దేవుడైనా దేవుడే.

పిల్ల బతికింది. ఎండలు ముదిరిన వైశాఖంలో ముగ్గురూ బస్సెక్కారు. అంత ఉక్కలోనూ సారమ్మ ముంజేతుల దాకా రవిక తొడిగి, పాదాలు కప్పేలా తెల్లచీర కట్టింది. చిన్నమ్మది ఎప్పటి గోచికట్టే, పిక్కలు కనబడతాయి. ఆమెకు అనుమానం వచ్చింది.

"మీ చర్చిల గిట్ల వస్తే ఏమన్న అంటరా సారమ్మా? గోచి చీరాయె, అండ్ల తడిబట్టాయె."

"నువ్వెట్ల మొక్కుకున్నవో గట్లనే రా అక్కా. ఎవలేమంటరు? నేను నీ పక్కకే ఉంట గద," అంది సారమ్మ.

ఆ మాట నమ్మి చిన్నమ్మ చర్చి ఆవరణలోని బావి దగ్గర బొక్కెనడు నీళ్లు నెత్తిన గుమ్మరించుకుంది. ఈలోగా సారమ్మ పిల్లను తీసుకుని ముందే లోపలికి పోయి కూర్చుంది.

చిన్నమ్మ నీళ్లోడుతూ గుమ్మం ఎక్కేసరికి పాట ఆగిపోయింది. తలల మీద కొంగులు కప్పుకున్న ఆడవాళ్లంతా తిరిగి చూశారు. పలుచటి నేతచీర ఒంటికి అతుక్కుపోయి ఉంది. సంఘపెద్ద లేచి వచ్చాడు. మర్యాదగానే అడిగాడు, అది ఒప్పుకోవాలి.

"ఎవల తాలూకమ్మా నువ్వు? నిన్నెరిగినోళ్లు ఎవలన్న ఉన్నరా ఈడ?"

చిన్నమ్మ సంబరంగా సారమ్మను చూపించింది. ఆయన అటు తిరిగాడు.

"నీకెరుకేనా సారమ్మా?"

సారమ్మ తల వంచుకుంది. "నాకెరుక లేదయ్యా. బస్సుల కలిసింది," అంది.

"పెద్దవ్వా!" అని చిన్నమ్మను పిలుస్తూ పిల్ల లేవబోయింది. సారమ్మ దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

చిన్నమ్మ బయటికొచ్చి ఎండలో కూలబడింది. సిగ్గు కంటే భయమే ఎక్కువైందని నాతో చెప్పింది. మొక్కు తీరకుంటే పిల్లకు మళ్లీ ఏమవుతుందోనని. తోడుంటానన్న మనిషే ఇంత పని చేసిందని గుండె మండిపోయిందట. మండదా మరి!

ఆరాధన ముగిసి జనం వెళ్లిపోయాక సారమ్మ పొడిచీర పట్టుకుని వచ్చింది.

"గింతమందిల నాకు తల కొట్టేసినట్టయిందక్కా. ఇగ ఎవ్వలు లేరు. గిది కట్టుకోని లోపలికి రా."

"ఎవ్వలు లేనప్పుడు నాకు నువ్వెందుకే?" అంది చిన్నమ్మ.

ఒంటి మీది చీర ఎండకు ఆరిపోయింది. మళ్లీ బావి దగ్గరికి పోయి నీళ్లు పోసుకుంది. తలుపు వేయబోతున్న సంఘపెద్ద ముందు చేతులు జోడించి నిలబడింది.

"అయ్యా, నన్నెరిగినోళ్లు ఈడ ఎవ్వలు లేరు. ఓ పిల్ల పాణం కోసం మొక్కిన. దండం పెట్టుకోని పోత."

ఆయన పక్కకు జరిగాడు.

ఆమె దండం పెట్టుకుని తిరిగి వస్తుంటే పిల్ల ఉరికొచ్చి తడికొంగు పట్టుకుంది. చిన్నమ్మ దాన్ని ఎత్తుకోలేదు. ఏడుస్తున్న పిల్ల వేళ్లు ఒక్కొక్కటీ విడిపించింది.

"ఇడువు బిడ్డా, ఎవలన్న చూస్తరు. మీ అమ్మకు తల కొట్టేసినట్టయితది," అని చెప్పి, ఒక్కతే బస్సు దారి పట్టింది.