నల్లజీడి చెట్టు దగ్గర

“అది ఏం చెట్టే?” అని అడిగింది అవ్వ. “తెల్వదవ్వా” అన్నాను. ఆమె తృప్తిగా నవ్వి, బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. తెలియదన్నందుకు ఆమె ఎందుకు అంత సంతోషపడిందో చెప్పాలంటే, నా చిన్నప్పటి ఒక చలికాలానికి పోవాలి.

అప్పట్లో, తెలుగు సరిహద్దు దాటగానే వచ్చే దోర్నపాల్‌లో మాది అడవి సరుకు కొనే దుకాణం. కరక్కాయ, తానికాయ, ఉసిరి, సారపప్పు, ఏ గోనెలో ఏముందో కళ్ళు మూసుకుని వాసనతో చెప్పేదాన్ని. బడికి పోయింది రెండేళ్ళే గానీ, ఈ విద్య ఉందని నాకు మహా గర్వం. అడవి పల్లె నుంచి సంతకు సరుకు తెచ్చే డోర్లా తెగ అవ్వ ఒకసారి నన్ను తన ఊరికి తీసుకుపోతానంది. ఒక్క రాత్రికి మా నాన్న ఒప్పుకున్నాడు. దెబ్బ తగలకుండా తిరిగొస్తేనే ఇప్పపువ్వు కాలంలో మళ్ళీ పంపుతానన్నాడు. ఆ పువ్వు చెట్టు మీంచి రాలడం చూడాలని నాకు ప్రాణం కొట్టుకులాడేది.

కాలిబాట వెంట అవ్వ చెట్టు చెట్టుకూ ఆగేది. బెరడు తడిమేది, ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టేది. “ఇదేంది, చెప్పు.” ఒక్కటీ చెప్పలేకపోయాను. కరక్కాయ చెట్టు కిందే నిలబడి కరక్కాయ చెట్టెక్కడని అడిగాను. “చెట్లు గోనెలల్ల కాస్తయనుకున్నవా దుకాణపు పిల్లా?” అని నవ్వింది. ఆమెకూ తెలియని మొక్కలుండేవి. వాటి దగ్గర “తెల్వదు” అని, చేయి పెట్టకుండా దాటిపోయేది. ఇంత ముసలామెకు అలా అనడానికి సిగ్గు లేదా అనుకున్నాను.

ఇంకాస్త దూరంలో, నారింజరంగు పండు, దాని కొసన నల్లటి గింజ ఉన్న చెట్టు కనిపించింది. ఇది నాకు తెలుసు, జీడిమామిడి, అంటూ పరుగెత్తాను. అవ్వ “ఆగే” అనేలోపే గింజను రాతితో చితక్కొట్టాను. జిగురు ముంజేతి మీద చిందింది. అది నల్లజీడి. బట్టల మీద గుర్తులు పెట్టడానికి చాకలి మామ మా దుకాణంలోనే కొనుక్కుపోయే గింజ. ముట్టుకోవద్దని అమ్మ మూలకు నెట్టిన గోనె. పండు లేకుండా ఎండినదాన్నే చూశాను గనుక, చెట్టున పోల్చుకోలేకపోయాను.

అవ్వ చింతాకు నూరి పూసింది. అయినా మర్నాటికి చేయంతా బొబ్బలు. ఇంటికి తిరిగి రాగానే నాన్న అవ్వ మీద కళ్ళెర్రజేశాడు. ఇప్పపువ్వు ఆశ వదులుకుని, “అవ్వ ఆగమంది నాన్నా. తెలుసని నేనే ముట్టిన” అన్నాను.

నాన్న కోపం నా మీదికి మళ్ళింది. “పిల్లనేమనకు సావుకారీ” అంది అవ్వ. “నీ గోనెల పండుండదు గదా, దానికెట్ల ఎరుకైతది? చెట్టు చూసేటందుకే నా ఎంట పంపు.”

నాన్న ఆ మూల గోనెకేసి చూశాడు. ఇప్పపువ్వు కాలానికి పంపాడు.

అప్పటి నుంచి తెలియని ఆకు కనబడితే, తెలియదని పైకే అంటాను. మా ఆయన పోయాక ఎవరెవరో కాగితాలు తెచ్చి వేలిముద్ర వేయమన్నప్పుడూ ముందు ఆ మాటే అన్నాను.

ఇప్పుడు మా ఊరి బయట నడకబాట వేసి, చెట్లకు హిందీలో పేర్ల పలకలు కట్టారు. నల్లజీడికి మాత్రం పలక లేదు. పొద్దున్నే పిల్లలు అటే నడుస్తారు. అందుకే వాళ్ళు చదువుకోవాలని మా మేనకోడలి చేత ఇది రాయిస్తున్నాను. అమ్మాయీ, పండు ఏ రంగని రాశావో, గింజ ఏ రంగని రాశావో నాకు తెలియదు. ఆ ముక్క ఒకసారి చదివి వినిపించు.